జూన్ 12, 1993: బూత్‌లో లెక్క తేలినా ఫలితం రాని నైజీరియా అధ్యక్ష ఎన్నిక

ఎన్నికల డ్యూటీకి కొత్తగా వచ్చే రిటర్నింగ్ అధికారులకు, సహాయ రిటర్నింగ్ అధికారులకు క్లాసు తీసుకునేటప్పుడు మన దేశపు కేసులతో పాటు బయటి దేశపు కేసు ఒకటి తప్పకుండా చెబుతాను. అది 1993 జూన్ 12న నైజీరియాలో జరిగిన అధ్యక్ష ఎన్నిక. మొదట్లో చాలామంది "అక్కడి గొడవ మనకెందుకు సార్" అంటారు. అరగంట గడిచాక ప్రశ్నలు మొదలవుతాయి.

ఈ కేసునే ఎందుకు ఎంచుకున్నానంటే, పోలింగ్ రోజు సిబ్బంది చేయాల్సిన పని అక్కడ చాలావరకు బాగానే జరిగింది. ఓటర్లు క్యూలో నిలబడ్డారు, ఓట్లు అక్కడికక్కడే లెక్కపెట్టారు, ఏజెంట్లు సంతకాలు పెట్టారు. అంత జరిగినా గెలిచిన అభ్యర్థి ఒక్క రోజు కూడా అధ్యక్షుడిగా లేడు. నిర్బంధంలోనే చనిపోయాడు. మనం ఫారాలు నింపి, సీళ్లు వేసి, కాపీలు పంచే పని దేన్ని కాపాడగలదో, దేన్ని కాపాడలేదో తెలుసుకోవాలంటే ఈ కేసును మించింది నాకు కనబడలేదు.

ఎన్నిక పెట్టిన ప్రభుత్వం

జనరల్ ఇబ్రహీం బాబాంగిడా 1985 ఆగస్టు 27న మరో సైనిక పాలకుడిని, ముహమ్మదు బుహారీని, దించేసి అధికారంలోకి వచ్చాడు. సైనిక పాలకుడై ఉండి కూడా తనను తాను 'ప్రెసిడెంట్' అని పిలిపించుకున్నాడు. పౌర ప్రభుత్వానికి అధికారం అప్పగిస్తానని మొదట 1990 అన్నాడు, తర్వాత 1992 అన్నాడు, ఆ తర్వాత 1993 జనవరి అన్నాడు, చివరికి 1993 ఆగస్టు 27 దగ్గర ఆగాడు.

పార్టీల సంగతి మరీ విచిత్రం. 1989లో నిషేధం ఎత్తేయగానే 13 సంఘాలు పార్టీలుగా రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టుకున్నాయి. అన్నింటినీ తిరస్కరించి, ప్రభుత్వమే రెండు పార్టీలను పుట్టించింది. కాస్త ఎడమ వైపు సోషల్ డెమొక్రటిక్ పార్టీ, కాస్త కుడి వైపు నేషనల్ రిపబ్లికన్ కన్వెన్షన్. మేనిఫెస్టోలు, ఆఫీసు భవనాలు, ఖర్చులకు డబ్బు, అన్నీ సర్కారువే. 1992లో రెండు పార్టీల్లోనూ అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక జరిగింది. అక్రమాలు జరిగాయని దాన్ని రద్దు చేసి, పోటీలో ఉన్న 23 మందినీ ఒకేసారి నిషేధించారు.

1993 నాటికి అక్కడ ఉన్నది సగం సగం ఏర్పాటు. స్థానిక సంస్థల్లో, రాష్ట్రాల్లో ఎన్నికైన పౌరులున్నారు. జాతీయ అసెంబ్లీ కూడా ఎన్నికైంది. కేంద్రంలో వ్యాపారవేత్త ఎర్నెస్ట్ షోనెకాన్ అధ్యక్షతన పౌరులతో ఒక పరివర్తన మండలి వేశారు. వాళ్లందరి పైన మాత్రం సైనికాధికారులతో నిండిన జాతీయ రక్షణ, భద్రతా మండలి కూర్చుంది. అసలు అధికారం దానిదే. చట్టాలు అంటే అక్కడ డిక్రీలే, అంటే సైనిక పాలకుడు జారీ చేసే ఆదేశాలే. ఎన్నికల కమిషన్ కూడా డిక్రీతో పుట్టిందే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోమని క్లాసులో ముందే చెబుతాను, ఎందుకంటే కేసంతా చివరికి దాని దగ్గరికే వచ్చి ఆగుతుంది.

అభ్యర్థులు

కమిషన్ చైర్మన్ హంఫ్రీ న్వోసు. న్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యుడు. పాత ఎంపిక రద్దయ్యాక ఆయన కమిషన్ 'ఆప్షన్ ఎ-4' అనే పద్ధతి తెచ్చింది. పోటీ చేయాలనుకునేవాడు ముందు సొంత వార్డులో గెలవాలి, అక్కణ్నుంచి లోకల్ గవర్నమెంటు స్థాయి, తర్వాత రాష్ట్రం, ఆ తర్వాతే జాతీయ మహాసభ. రాజధానిలో కూర్చుని డబ్బు సంచులతో టికెట్ కొనేసే దారి దీంతో కొంత ఇరుకైంది. పూర్తిగా మూసుకుపోయిందని మాత్రం నేను అనను. ఇద్దరు తుది అభ్యర్థులూ డబ్బున్నవాళ్లే.

మార్చి చివర్లో జోస్ నగరంలో జరిగిన మహాసభలో సోషల్ డెమొక్రాట్లు మొషూద్ అబియోలాను ఎన్నుకున్నారు. నైరుతిలోని అబెవోకుటాకు చెందిన యోరుబా తెగ ముస్లిం, కాంకర్డ్ పత్రికల యజమాని, దేశంలోని పెద్ద శ్రీమంతుల్లో ఒకడు. బాబాంగిడాకు స్నేహితుడు కూడా. రెండో పార్టీ తరఫున ఉత్తరాన కానోకు చెందిన ముస్లిం బషీర్ తోఫా. తోఫా ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఆగ్నేయం నుంచి క్రైస్తవుడైన సిల్వెస్టర్ ఉగోను పెట్టుకున్నాడు. అబియోలా మాత్రం తనలాగే ముస్లిం అయిన బాబాగనా కింగిబేను తీసుకున్నాడు. ఉత్తరం ముస్లింలది, దక్షిణం క్రైస్తవులది అని గీత గీసి ఓట్లు లెక్కేసే దేశంలో ఇద్దరు ముస్లింల టికెట్ నిలబడదని పండితులు అన్నారు. ఓటర్లు ఆ లెక్కను పట్టించుకోలేదు.

పోలింగ్ పద్ధతి

మన వృత్తిలో ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఆగి చూడాల్సిన భాగం ఇదే.

అంతకుముందు కొన్ని ఎన్నికల్లో నైజీరియా పూర్తి బహిరంగ పద్ధతి పెట్టింది. తమకు నచ్చిన అభ్యర్థి బొమ్మ వెనకో, పార్టీ గుర్తు వెనకో ఓటర్లు బారుగా నిలబడతారు, అధికారి తలలు లెక్కపెడతాడు. దొంగ ఓట్ల బెడద తగ్గింది కానీ, ఎవడు ఎవరి వెనక నిలబడ్డాడో ఊరంతా చూస్తుంది. కూలి ఇచ్చే ఆసామి చూస్తాడు, అద్దె ఇల్లు ఇచ్చిన ఓనర్ చూస్తాడు. దాంతో అధ్యక్ష ఎన్నికకు పద్ధతి మార్చారు. ముద్ర వేయడం చాటుగా, పెట్టెలో వేయడం అందరి ముందు. పోలింగ్ ముగిశాక పెట్టె ఎక్కడికీ కదలదు. అక్కడే, జనం చూస్తుండగా తెరిచి, లెక్కపెట్టి, గట్టిగా చదివి, ఫలితాల షీటు మీద రెండు పార్టీల ఏజెంట్ల సంతకాలు తీసుకుని వాళ్లకు కాపీలు ఇవ్వాలి. ఆ తర్వాత వార్డు, లోకల్ గవర్నమెంటు, రాష్ట్రం, చివరికి రాజధాని అబుజా. ప్రతి మెట్టులోనూ కూడిక మాత్రమే. మళ్లీ లెక్కింపు ఉండదు.

దాదాపు 3.9 కోట్ల మంది నమోదైన ఓటర్లు, 1,10,000 బూత్‌లు. అంటే బూత్‌కు సగటున 350 మంది. మన దగ్గర బూత్‌లో వెయ్యి దాటడం మామూలే కాబట్టి ఈ సంఖ్య చిన్నదిగా అనిపిస్తుంది. కానీ సాయంత్రానికి అక్కడే లెక్క ముగించాలంటే అంత చిన్న బూతే కావాలి. ఇద్దరే అభ్యర్థులు కావడం కూడా కలిసొచ్చింది.

మన పద్ధతితో పోల్చి చూడండి. బ్యాలెట్ పేపర్ల కాలంలో మనం ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో బయటపడకుండా కొన్నిచోట్ల పేపర్లన్నీ కలిపేసి లెక్కపెట్టేవాళ్లం. ఓడిన నాయకుడు ఊరి మీద కక్ష కట్టకూడదని ఆ ఏర్పాటు. ఈవీఎంలు వచ్చాక బూత్ వారీ లెక్క మళ్లీ బయటికొచ్చింది. 17సి ఫారం కాపీ ఏజెంటు చేతికిస్తాం, కానీ అందులో ఉండేది పోలైన ఓట్ల మొత్తమే. ఎవరికెన్ని అన్నది కౌంటింగ్ హాల్లో తేలుతుంది. పోలింగ్‌కూ కౌంటింగ్‌కూ మధ్య పెట్టెలు స్ట్రాంగ్ రూమ్‌లో ఉండే రోజుల్లో మన వ్యవస్థ నడిచేది కాపలా మీద, సీళ్ల మీద, వాటి మీద ఉన్న నమ్మకం మీద. నైజీరియాలో కాపలా ఉండేవాడు సైనికుడే. అతణ్ని నమ్మలేరు కాబట్టి స్ట్రాంగ్ రూమ్ అవసరమే లేకుండా చేశారు. బూత్ స్థాయి ఫలితం బయటపడటం మన దగ్గర ఓటరుకు ప్రమాదం అనుకుంటాం. అక్కడ ఓటును కాపాడింది అదే. రెండూ సరైనవే. ఎవరికి భయపడుతున్నాం అన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

రాత్రి వచ్చిన కోర్టు ఆర్డరు

'అసోసియేషన్ ఫర్ ఎ బెటర్ నైజీరియా' అని ఒక సంఘం ఉండేది. నడిపించేది ఆర్థర్ ఎన్‌జెరిబే అనే శ్రీమంత రాజకీయ నాయకుడు. బాబాంగిడా మరో నాలుగేళ్లు ఉండాలన్నదే దాని ప్రచారం. ఎన్నిక ఆపమని ఆ సంఘం అబుజా హైకోర్టుకు వెళ్లింది. జూన్ 10 రాత్రి పొద్దుపోయాక న్యాయమూర్తి బాసీ ఇక్‌పెమే ఎన్నిక జరపొద్దని ఆర్డరు ఇచ్చారు. పోలింగ్‌కు మధ్యలో మిగిలింది ఒక్క రోజు.

ఇక్కడ క్లాసు ఆపి అడుగుతాను: సామగ్రి పంపిణీ అయిపోయింది, సిబ్బంది బయల్దేరారు, ఇప్పుడు స్టే వచ్చింది. మీరైతే ఏం చేస్తారు? ఎక్కువమంది చెప్పే జవాబు "పై అధికారికి ఫోన్ చేస్తాం". న్వోసు పై అధికారి ఎవరు? ఎన్నిక జరగకపోతే లాభపడే మనిషే.

న్వోసు చేతిలో ఉన్న ఆధారం 1993 నాటి 13వ నంబరు డిక్రీ. ఎన్నిక తేదీ విషయంలో ఏ కోర్టూ జోక్యం చేసుకోకూడదని అందులో ఉంది. దాని ప్రకారం కోర్టు ఆర్డరుకు విలువ లేదని తేల్చి, ఎన్నిక జరిగి తీరుతుందని కమిషన్ ప్రకటించింది. మన రాజ్యాంగంలోని 329(బి) అధికరణం చెప్పేదీ దాదాపు ఇదే. ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక మధ్యలో కోర్టు దూరకూడదు, అభ్యంతరం ఉన్నవాడు ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. 1952లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నామక్కల్ నియోజకవర్గం నుంచి వెళ్లిన పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. నామినేషన్ తిరస్కరించారని ఆయన హైకోర్టుకు వెళ్లారు, ఇప్పుడు కాదు పొమ్మన్నారు. ఆ రూలు అన్యాయంగా ఉందని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు నా జవాబు ఈ నైజీరియా ఆర్డరే.

కాకపోతే రెండింటికీ తేడా ఉంది. మన దగ్గర ఆ అడ్డుగోడ రాజ్యాంగంలో ఉంది. అక్కడ ఉన్నది డిక్రీలో. డిక్రీ రాసినవాడే దాన్ని చింపేయగలడు.

ఆ ఆర్డరు నష్టం చేయకపోలేదు. ఎన్నిక ఉందో లేదో జనానికి అర్థం కాలేదు. పోలైనవి 1.43 కోట్ల ఓట్లే, అంటే నూటికి 37 మంది కూడా రాలేదు. ఏళ్ల తరబడి వాయిదాలు చూసి విసిగిపోవడం కూడా కారణమే అని నా అంచనా. తక్కువ పోలింగ్ అనగానే ఎన్నిక చెల్లదని వాదించేవాళ్లు ఉంటారు. కానీ ఎన్నికకు రెండు రోజుల ముందు గందరగోళం సృష్టించి, ఆ గందరగోళానికి జనం జంకారని చూపించి ఎన్నికను తప్పుపట్టడం కుదరదు.

శనివారం పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. దేశీయ, విదేశీ పరిశీలకులు మొత్తం మీద సవ్యంగా ఉందన్నారు. సామగ్రి ఆలస్యం లాంటి ఫిర్యాదులు ఉన్నాయి. అవి ఏ ఎన్నికలో ఉండవు?

పదకొండు రోజులు

జూన్ 14 నుంచి కమిషన్ రాష్ట్రాల ఫలితాలు అబుజాలోని ఆఫీసు బయట పెద్ద బోర్డు మీద పెట్టడం మొదలుపెట్టింది. 14 రాష్ట్రాలవి వచ్చాయి. అబియోలా స్పష్టంగా ముందున్నాడు. జూన్ 15న అదే సంఘం కోరిక మీద అబుజా ప్రధాన న్యాయమూర్తి దాహిరు సాలెహ్ ఫలితాలు ఆపమన్నారు. ఈసారి కమిషన్ ఎదురు నిలబడలేదు. మరుసటి రోజు ప్రకటన ఆపేసింది. ఇంకోవైపు లాగోస్, ఇబాడాన్, బెనిన్ నగరాల్లోని కోర్టులు ఫలితాలు ప్రకటించాలని ఆర్డర్లు ఇచ్చాయి. ఒకే స్థాయి కోర్టులు, ఎదురెదురు ఆదేశాలు.

ఎన్నిక జరపడానికి అడ్డు రాని కోర్టు ఆర్డరు, ఫలితం చెప్పడానికి ఎందుకు అడ్డొచ్చింది? డిక్రీ రెండు సందర్భాల్లోనూ ఒకటే. నా ఉద్దేశంలో మారింది చట్టం కాదు, పైనున్నవాళ్ల మనసు. న్వోసు తర్వాత రాసిన దాని ప్రకారం, పోలింగ్ ముందు రోజు సైనిక మండలి సమావేశంలో వాదించి ఎన్నికకు ఒప్పించుకోగలిగాడు. ఫలితాలు రావడం మొదలయ్యాక ఒప్పించడానికి అవతల ఎవరూ లేరు.

ఈలోగా బూత్ షీట్లు తమ పని తాము చేశాయి. కాపీలు రెండు పార్టీల దగ్గరా ఉన్నాయి. జూన్ 18న 'క్యాంపెయిన్ ఫర్ డెమొక్రసీ' అనే ఉద్యమ సంస్థ పూర్తి ఫలితాలు బయటపెట్టేసింది. 30 రాష్ట్రాల్లో 19 అబియోలావి. తోఫా సొంత రాష్ట్రం కానోలో కూడా అబియోలాకు 1,69,619, తోఫాకు 1,54,809. ఇలాంటి అంకెను గదిలో కూర్చుని తారుమారు చేయడం ఇక ఎవరి తరమూ కాదు. ఎవరు మార్చినా కానోలోని ఏజెంట్లే లేచి మా షీటులో ఇలా లేదంటారు.

మార్చడం కుదరనప్పుడు మిగిలిన దారి ఒక్కటే. జూన్ 23న బాబాంగిడా ప్రభుత్వంలోని ఉపాధ్యక్షుడి పత్రికా కార్యదర్శి విలేకరులకు ఒక కాగితం ఇచ్చాడు. లెటర్‌హెడ్ లేదు, సంతకం లేదు, తేదీ లేదు. ఎన్నిక రద్దు, కమిషన్ సస్పెన్షన్, ఎన్నికకు ఆధారమైన డిక్రీలు రద్దు, కోర్టుల్లో ఉన్న కేసులన్నీ నిలిపివేత. పరస్పర విరుద్ధమైన తీర్పులతో న్యాయవ్యవస్థ నవ్వులపాలు కాకుండా కాపాడటానికే ఇదంతా అని అందులో రాశారు. మూడు రోజుల తర్వాత బాబాంగిడా టీవీలో మాట్లాడుతూ డబ్బు పంపిణీ లాంటి ఇంకొన్ని కారణాలు జోడించాడు.

ఒక చిన్న ఊళ్లో రీపోలింగ్ పెట్టాలన్నా మనకు రిపోర్టు కావాలి, పరిశీలకుడి సంతకం కావాలి, కమిషన్ ఉత్తర్వు కావాలి. అక్కడ కోటి నలభై లక్షల ఓట్లు సంతకం లేని కాగితంతో పోయాయి.

తర్వాత జరిగింది క్లుప్తంగా

జులై మొదట్లో లాగోస్ వీధులు భగ్గుమన్నాయి. సైన్యం కాల్పుల్లో వందకు పైగా జనం చనిపోయారని హక్కుల సంఘాలు లెక్క చెప్పాయి. ఆగస్టు 26న బాబాంగిడా పక్కకు తప్పుకుని షోనెకాన్ అధ్యక్షతన తాత్కాలిక ప్రభుత్వం పెట్టాడు. రక్షణ శాఖ మాత్రం జనరల్ సానీ అబాచా చేతిలోనే ఉంది. నవంబరు 10న లాగోస్ హైకోర్టు న్యాయమూర్తి డొలాపో అకిన్‌సాన్యా ఆ ప్రభుత్వమే చట్టవిరుద్ధమన్నారు. సరిగ్గా వారానికి, నవంబరు 17న, అబాచా దాన్ని తీసేసి తనే కూర్చున్నాడు. ఎన్నికైన అసెంబ్లీలు, గవర్నర్లు, రెండు పార్టీలు అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి.

1994 జూన్ 11న లాగోస్‌లోని ఎపెటెడోలో అబియోలా తానే అధ్యక్షుడినని ప్రకటించుకున్నాడు. అదే నెల 23న అరెస్టు చేశారు. రాజద్రోహం కేసు. ఆయన్ను విడుదల చేయాలని చమురు కార్మికులు వారాల తరబడి సమ్మె చేశారు. ఆయన కోసం పోరాడిన భార్య కుదిరత్‌ను 1996 జూన్ 4న లాగోస్‌లో కాల్చి చంపారు. 1998 జూన్ 8న అబాచా హఠాత్తుగా చనిపోయాడు, జులై 7న నిర్బంధంలోనే అబియోలా చనిపోయాడు. 1999లో కొత్త ఎన్నిక పెట్టి మాజీ సైనిక పాలకుడు ఒబసాంజోకు అధికారం అప్పగించారు.

కమిషన్ తప్పు ఎంత

ఈ ప్రశ్న దగ్గర క్లాసు రెండుగా చీలుతుంది. జూన్ 16నే న్వోసు మొత్తం ఫలితం చదివేసి ఉంటే సరిపోయేదని కొందరంటారు. అప్పటికి మెజారిటీ రాష్ట్రాల లెక్కలు అబుజా చేరి ఉంటాయి కదా అని వాళ్ల వాదన. చదివేసి ఉంటే జైలుకు వెళ్లేవాడు, సైన్యం ఎలాగూ రద్దు చేసేది అని రెండో పక్షం.

నేను మొదటి పక్షం వైపు కాస్త మొగ్గుతాను, వేరే కారణంతో. ప్రకటన సైన్యాన్ని ఆపేది కాదు. కానీ ఎన్నికల పనిలో కూడిక వేరు, ప్రకటన వేరు. కూడిక ఎవరైనా చేయొచ్చు. పార్టీ ఆఫీసులో చేయొచ్చు, పత్రికవాళ్లు చేయొచ్చు. ఫలానా వ్యక్తి ఎన్నికయ్యాడని చట్టం పేరు మీద సంతకం చేసేది ఒక్కరే. ఆ సంతకం పడ్డాక రద్దు చేసేవాడు ఎన్నికను రద్దు చేస్తున్నానని చెప్పుకోలేడు, ఎన్నికైన మనిషిని తీసేస్తున్నానని చెప్పాల్సి వస్తుంది. బయటి దేశాలు, కోర్టులు, సొంత సైనికులు ఆ రెండింటినీ ఒకేలా చూడరు. మన రిటర్నింగ్ అధికారులు కౌంటింగ్ ముగిసిన వెంటనే ఫలితం ప్రకటించి సర్టిఫికెట్ చేతికివ్వాలని నేను పట్టుబట్టడం వెనక కారణం ఇదే. ఫోన్లు వస్తుంటాయి, కాసేపు ఆగమంటారు. రూలు ప్రకారం రీకౌంటింగ్ అడగడం లాంటి, చట్టం ఒప్పుకునే కారణం ఉంటే తప్ప ఆ 'కాసేపు'కు చోటు లేదు.

అయితే న్వోసును పిరికివాడని అనేవాళ్లతో నేను ఏకీభవించను. కోర్టు ఆర్డరు వచ్చిన రాత్రి ఎన్నిక ఆపేసి ఉంటే ఈ రోజు చర్చించడానికి షీట్లే ఉండేవి కావు. ఆయన 2008లో తన పుస్తకంలో ఫలితాలు అచ్చు వేశాడు, 2024లో చనిపోయాడు.

రెండు లెక్కలు

అందరూ చెప్పే అంకెల ప్రకారం అబియోలాకు 83,41,309 ఓట్లు (58.36 శాతం), తోఫాకు 59,52,087. పుస్తకాల్లోనూ, పత్రికల్లోనూ కనిపించేవి ఇవే. 2018లో, అప్పటికి ఎన్నికైన అధ్యక్షుడిగా ఉన్న బుహారీ, బాబాంగిడా 1985లో దించేసిన ఆ బుహారీయే, జూన్ 12ను ప్రజాస్వామ్య దినంగా ప్రకటించి, అబియోలాకు మరణానంతరం దేశాధినేతలకు ఇచ్చే అత్యున్నత బిరుదు ఇచ్చాడు. ఫలితాన్ని ఎన్నికల కమిషన్ ఇప్పుడైనా అధికారికంగా ప్రకటించాలని సెనేట్ కోరింది.

2025 ఫిబ్రవరిలో బాబాంగిడా తన ఆత్మకథ విడుదల చేస్తూ అబియోలాయే గెలిచాడని మొదటిసారి ఒప్పుకున్నాడు. 1,10,000 బూత్‌ల అసలు లెక్కలు చూశాక మెజారిటీ ఓట్లు, గెలవడానికి తగినన్ని రాష్ట్రాల్లో తెచ్చుకోవాల్సిన మూడో వంతు ఓట్లు రెండూ ఆయనకు వచ్చినట్టు తేలిందని రాశాడు. ఆ పుస్తకంలో అబియోలాకు 81,28,720, తోఫాకు 58,48,247 ఓట్లని ఉంది. పాత అంకెలతో పోలిస్తే ఒకరికి 2,12,589, ఇంకొకరికి 1,03,840 తక్కువ.

గెలుపు మీద ఈ తేడా ప్రభావం ఏమీ లేదు. కానీ కౌంటింగ్ టేబుల్ దగ్గర పనిచేసినవాడు దీన్ని చూసి ఊరుకోలేడు. రెండు మొత్తాల్లో ఏది నిలుస్తుందో తేల్చడానికి చూడాల్సింది ప్రధాన అధికారి సంతకం చేసిన తుది షీటు. 1993లో ఆ షీటు మీద సంతకం పడలేదు. కాబట్టి ఆ ఎన్నికకు ఈ రోజుకూ రెండు లెక్కలు ఉన్నాయి: ఒకటి నడిపించినవాళ్ల వైపు నుంచి వచ్చింది, ఒకటి రద్దు చేసినవాడు రాసుకున్నది.